పత్తిచేల మీదుగా నాష్‌విల్‌కి

డాలస్ నుంచి నాష్‌విల్ 660 మైళ్లు. విమానమెక్కితే రెండు గంటల్లోపు పని. అయినా కంట్రీ సంగీతాన్ని ప్రేమించేవాళ్లు ఆ దూరం ఒక్కసారైనా కారులో పోవాలని నా నమ్మకం. ఆ పాటలు పుట్టిన నేల దారి పొడుగునా పరుచుకుని ఉంది. పత్తిచేలు, వరద మైదానాలు, రైలు పట్టాల పక్కన వెలిసిపోయిన చిన్న ఊళ్లు, రాత్రంతా లారీలు ఆగే చోట్లు. అందుకే నాష్‌విల్‌లో జరిగే గ్రాండ్ ఓల్ ఆప్రీ శనివారం కచేరీకి టికెట్లు దొరికినప్పుడు రెండు తీసుకున్నాను. ఒకటి నాకు, ఇంకొకటి ఆదిలాబాద్ నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చిన మా నాన్నకు, బాపుకు.

బాపుకు ఇంగ్లీషు రాదు. కంట్రీ పాట ఒక్కటీ విని ఎరగడు. ఆయనకు తెలిసింది పత్తి. ఈ ఏడు చేను మా కాకకు అప్పజెప్పి వచ్చాడే గానీ మనసంతా అక్కడే. పొద్దున లేస్తూనే ఫోను చేసి, మొదటి ఏరుడు అయిందా, మార్కెట్ యార్డులో తేమ ఎంత చూపిస్తోంది అని అడిగేవాడు. తేమ 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత పడుతుంది, 12 దాటితే అసలే కొనరు. అక్టోబరులో పత్తి రైతు ప్రాణం ఆ అంకె చుట్టూ తిరుగుతుంది. అలాంటి మనిషిని నాష్‌విల్ ఎందుకు తీసుకుపోతున్నావని మా ఆయన అడిగాడు. మనింట్లో ఆ పాటలు అర్థమయ్యేది బాపుకే అన్నాను.

నన్ను ఈ పాటల్లోకి లాగింది చార్లీ ప్రైడ్. 2020 డిసెంబరులో ఆయన డాలస్‌లో కోవిడ్‌తో కన్నుమూసినప్పుడు రేడియోలో వరసబెట్టి ఆయన పాటలే వేశారు. ఆ గొంతులోని నింపాది నన్ను కదలనివ్వలేదు. ఎవరీయన అని చదివాను. మిసిసిపీ రాష్ట్రంలో స్లెడ్జ్ అనే పల్లె, కౌలు సేద్యం చేసే నల్లజాతి కుటుంబం, పదకొండుమంది పిల్లలు. చిన్నప్పటి నుంచి పత్తి ఏరాడు. శనివారం రాత్రి తండ్రి రేడియోలో ఆప్రీ పెడితే వింటూ పెరిగాడు. బేస్‌బాల్ ఆడాడు, మోంటానాలో లోహం కరిగించే కార్ఖానాలో పనిచేశాడు. నల్లజాతి మనిషి కంట్రీ పాడతాడంటే ఎవరూ ఒప్పని రోజులవి. అందుకే ఆయన మొదటి రికార్డులను రేడియో స్టేషన్లకు ఫొటో లేకుండా పంపారు. 1967లో ఆప్రీ వేదిక ఎక్కాడు. 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆ ఏటి మేటి కళాకారుడిగా ఎంపిక చేసింది. ఇదంతా చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పత్తి ఏరి ఏరి వేళ్ల చివర్లు గీసుకుపోయిన మా అమ్మ చేతులే కళ్లముందు మెదిలాయి.

ఆప్రీ వేదిక కంటే ముందు ఒక రేడియో కార్యక్రమం. 1925 నవంబరు 28న నాష్‌విల్‌లోని డబ్ల్యూఎస్ఎం స్టేషన్‌లో అంకుల్ జిమ్మీ థాంప్సన్ అనే ముసలాయన ఫిడేలు వాయించడంతో అది మొదలైంది. స్టేషన్ ఒక బీమా కంపెనీది. పాట విన్న పల్లెల్లోనే కంపెనీ ఏజెంట్లు పాలసీలు అమ్ముకునేవారు. 1932లో స్టేషన్ బలాన్ని 50,000 వాట్లకు పెంచి, ఊరి బయట ఆకాశాన్నంటే స్తంభం నిలబెట్టారు. ఏఎం తరంగాలు చీకటి పడ్డాక ఆకాశంలోని పై పొరలకు తగిలి తిరిగి నేలకు దిగుతాయి. పగలు చుట్టుపక్కల ఊళ్లకే వినిపించే స్టేషన్ రాత్రి వందల మైళ్లు పోతుంది. అలా ఆ పాట మిసిసిపీ పత్తిచేలకూ కెంటకీ బొగ్గు గనుల వాడలకూ చేరింది. ఇప్పటికీ శనివారం రాత్రి అదే స్టేషన్, 650 ఏఎం మీద ప్రత్యక్షంగా వస్తుంది.

శుక్రవారం తెల్లారకముందే బయలుదేరాం. పిల్లలను చూసుకుంటానని, బాపుతో పాటు వచ్చిన అమ్మ ఇంట్లో ఉండిపోయింది. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, డబ్బా నిండా సకినాలు కట్టిచ్చింది. ఐ-30 హైవే మీద టెక్సాస్ భాగం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. టెక్సార్కానా దగ్గర ఆర్కన్సాలో అడుగుపెట్టాక పైన్ చెట్లు దగ్గరకొచ్చి, భూమి ఎగుడుదిగుడుగా మారి, చూపుకు పని దొరికింది. గాయకుడు గ్లెన్ క్యాంబెల్ పెరిగిన డిలైట్ ఊరు ఆ దారికి ఉత్తరాన ఉంది. బాపు ఇవేవీ పట్టించుకోలేదు. పచ్చికలో ఒక్కొక్కటిగా మేస్తున్న ఆవులను చూసి, కాపరి ఏడి అని మాత్రం అడిగాడు.

లిటిల్ రాక్‌లో ఐ-40 ఎక్కేసరికి పడమటి దిక్కు మొత్తం నల్లబడింది. అక్కడి నుంచి వెస్ట్ మెంఫిస్ దాకా భూమి చాలావరకు బల్లపరుపుగా ఉంటుంది. వరిమళ్లు, సోయా, నీళ్లు నిలిచే పల్లపు అడవి. ఎదురుగా, వెనకగా, పక్కన, ఎటు చూసినా లారీలే. బ్రింక్లీ దాటాక వాన మొదలైంది. కొన్ని నిమిషాల్లో ముందున్న లారీ వెనక దీపాలు కూడా కనిపించకుండా పోయాయి. గాలికి కారు పక్క వరసలోకి జరుగుతోంది. అప్పుడే ఇద్దరి ఫోన్లూ ఒక్కసారిగా అరిచాయి. టోర్నడో హెచ్చరిక, వెంటనే ఆశ్రయం పొందండి అని.

"ఏమాయె బిడ్డా?" అన్నాడు బాపు.

"సుడిగాలి వస్తదట బాపూ."

"మరి ఇంక నడుపుతవేంది? ఆపు."

రోడ్డు పక్క ఆగడం ఇంకా ప్రమాదం. రెండు మైళ్లు నత్తనడకన పోయి ఒక ట్రక్‌స్టాప్‌లోకి తిప్పాను. అక్కడ పనిచేసే అమ్మాయి, ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల, గట్టిగా కేకలేస్తూ అందరినీ అద్దాల నుంచి దూరంగా వెనక్కి పంపిస్తోంది. డ్రైవర్లు స్నానం చేసే గదులు అక్కడున్నాయి. కిటికీలు లేవు, గోడలు గట్టివి. ఆ ఇరుకు నడవాలో పాతికమందిమి గోడకు ఆనుకుని కూర్చున్నాం. కరెంటు పోయింది. కప్పు మీద రేకు ఎక్కడో లేచి కొట్టుకుంటున్న చప్పుడు. ఒక తల్లి ఇద్దరు పిల్లల తలలూ తన ఒళ్లోకి వంచి మీద చేతులు కప్పింది. నాకు నిజంగా భయమేసింది.

బాపు పక్కన తలపాగా కట్టిన పంజాబీ డ్రైవరు కూర్చున్నాడు. బఠిండా జిల్లా వాడు. కాలిఫోర్నియాలో సరుకెత్తి కరోలినాకు తీసుకుపోతున్నాడట. ఆదిలాబాద్‌లో పుట్టినవాళ్లకు హిందీ, మరాఠీ కొత్త కాదు. బాపు హిందీలో మాట కలిపాడు. ఊరేది, భూమెంత, ఏం పంట, ఈ మూడు ప్రశ్నలతో మొదలుకాని సంభాషణ బాపుకు చేతకాదు. ఆ మనిషిదీ పత్తి కుటుంబమే. 2015లో తెల్లదోమ పంజాబ్ పత్తిని ఊడ్చిపెట్టిన ఏడు వాళ్ల చేనూ పోయింది. అప్పు తీర్చే దారి లేక, ఉన్న ఎకరాలు అన్నకు వదిలేసి ఇటొచ్చాడు. బాపు మా వైపు గులాబిరంగు పురుగు సంగతి చెప్పాడు. కాయ పైకి బాగానే ఉంటుందనీ, విప్పితే లోపల గుడ్డిపత్తి అనీ. బయట అంత గాలి హోరెత్తుతుంటే వీళ్లిద్దరూ విత్తనం ప్యాకెట్ ధర, మందు డబ్బా ధర మాట్లాడుకుంటున్నారు. వింటూ వింటూ నా చేతుల వణుకు తగ్గింది.

నేను రొట్టెల మూట విప్పాను. ఆయన జొన్నరొట్టెలో కారం చుట్టుకుని తింటూ ఎక్కడికి పోతున్నారని అడిగాడు. పాటల కోసం నాష్‌విల్ పోతున్నామంటే ఆశ్చర్యపోయాడు. ఏళ్లుగా ఆ ఊరి మీదుగా పోతున్నా ఎప్పుడూ ఆగలేదట. ఆయన లారీలో మోగేది కుల్దీప్ మానక్. ఆ పెద్ద గాయకుడిదీ బఠిండా జిల్లాయే.

"ఆ నాష్‌విల్ పాటల్లో ఏముంటుంది బహెన్‌జీ?" అన్నాడు.

లారీ డ్రైవర్ల మీదే ఎన్నో పాటలున్నాయని చెప్పాను. 1963లో డేవ్ డడ్లీ పాడిన ఒక పాట ఆ వరసకు దారి వేసింది. రోజుల తరబడి బండి నడిపి ఇల్లు చేరబోయేవాడి ఆత్రం అందులో ఉంటుంది. ఇంకా ఊరు, తల్లి, పోయిన భూమి, తాగుడు, దేవుడు, విడిచిపోయిన మనిషి. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే అదీ మానకే" అన్నాడు. ఈ సంగీతం గురించి నేను చదివిన వ్యాసాలు చాలానే ఉన్నాయి. ఇంత సూటిగా చెప్పినది వాటిలో ఒక్కటీ లేదు.

సుడిగాలి మమ్మల్ని తాకకుండా ఉత్తరంగా పోయింది. బయటికి వచ్చేసరికి నీళ్లలో కొమ్మలు, ఎగిరిపడ్డ రేకులు. లారీలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. ఆ రాత్రి వెస్ట్ మెంఫిస్‌లో పడుకున్నాం.

శనివారం పొద్దున్నే నాష్‌విల్ వైపు తిరగకుండా ఐ-55 మీద ఉత్తరానికి పోయాను. గాయకుడు జానీ క్యాష్ పెరిగిన డైస్ ఊరు బాపుకు చూపించాలని మొదటి నుంచీ నా మనసులో ఉంది. మెంఫిస్ నుంచి గంట ప్రయాణం. పెద్దరోడ్డు దిగగానే రెండు పక్కలా పత్తి. వాన కడిగిన ఎండలో, కనుచూపు మేర తెల్లగా. బాపు కారు ఆపమన్నాడు.

దిగి చేను గట్టున నిలబడ్డాడు. ఎవరి చేనో, అడగకుండా లోపలికి అడుగుపెట్టలేదు. రోడ్డు మీదికి వంగిన మొక్కను రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు. ఒక్క ఆకు లేదు, కాయలు మాత్రం విరగబూసి ఉన్నాయి. ఆకు రాలడానికి మందు కొడతారనీ, లేకపోతే యంత్రం ఏరే పత్తిలో చెత్త కలుస్తుందనీ చెప్పాను. వాన తగ్గి రాత్రే గాలికి ఆరిన పొలం ఒకటి దూరంగా ఉంది. అందులో ఆకుపచ్చ యంత్రం ఒకటి ఆగి ఉంది. దాని వెనక పసుపుపచ్చ ప్లాస్టిక్ చుట్టిన పెద్ద పెద్ద గుండ్రటి మోపులు, ఒక్కొక్కటి రెండు టన్నుల పైన తూగేవి. బాపు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"ఏరెటోళ్లు ఏరి?"

ఏరేవాళ్లు లేరని చెప్పాను. ఒక డ్రైవరు, ఒక యంత్రం, ఒక్కసారికి ఆరు సాళ్లు. ఒకప్పుడు ఈ డెల్టాలోనూ మన లెక్కనే బారులు తీరి ఏరేవారు, ఎక్కువమంది నల్లజాతివాళ్లు, పేద తెల్లవాళ్లూ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత యంత్రాలు వచ్చాయి. ఇరవై, ముప్పై ఏళ్లలో చేలు ఖాళీ అయ్యాయి. మనుషులు మెంఫిస్, షికాగో, డెట్రాయిట్ పోయారు. పాటను వెంట తీసుకుపోయారు.

"మన కాడ గూడ వస్తది గిది," అన్నాడు బాపు. "మహారాష్ట్ర నుంచి కూలోళ్లు రాని ఏడు వస్తది."

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

డైస్ ఒక ప్రభుత్వ కాలనీ. 1930ల మహామాంద్యంలో చితికిపోయిన రైతు కుటుంబాల కోసం, రూజ్‌వెల్ట్ కాలపు పథకాల కింద, 1934లో చిత్తడి అడవి కొట్టి వేశారు. సుమారు 500 కుటుంబాలు. ఒక్కొక్కరికి ఇల్లు, ఇరవై ఎకరాలో నలభయ్యో భూమి, ఒక కంచరగాడిద, అన్నీ అప్పు మీద. క్యాష్ కుటుంబం 1935లో వచ్చింది, అప్పటికి జానీకి మూడేళ్లు. అయిదు గదుల ఆ ఇంటిని ఇప్పుడు ఆర్కన్సా స్టేట్ యూనివర్సిటీ చూసుకుంటోంది. 2014 నుంచి చూడనిస్తున్నారు. కాలనీ కేంద్రం నుంచి రెండు మైళ్లు పోవాలి. చేల మధ్య ఒంటిగా ఉంటుంది, చుట్టుపక్కల ఇళ్లన్నీ పోయాయి.

బాపు ఇంట్లోకి వెళ్లే ముందు పెరట్లోకి పోయి మట్టి తీశాడు. రాత్రి వానకు తడిసిన నల్లటి బంక. పిడికిట్లో పిండి, వేళ్లకంటింది చూపించాడు.

"గిది మన రేగడే బిడ్డా. ఎండితే నెర్రెలిస్తది, తడిస్తే చెప్పు గుంజుకుంటది."

ఆ మాట ఇల్లు చూపిస్తున్న ఆవిడకు చెప్తే ఆమె ముఖం వెలిగిపోయింది. ఈ మట్టి ఇంటిని కూడా వదల్లేదట. కింద భూమి ఉబ్బుతూ కుంగుతూ ఇల్లు ఒరిగిపోతే, బాగుచేసేటప్పుడు ఇంటిని మొత్తంగా ఎత్తి పక్కకు జరిపి, కింద మట్టి తీయించి, మళ్లీ తెచ్చి పెట్టారు. 1937 వరదల్లో క్యాష్ కుటుంబం ఈ ఇల్లు వదిలి పోవలసి వచ్చింది. ఆ జ్ఞాపకంతోనే తర్వాత ఆయన వరద మీద పాట కట్టాడు. ఈ ఊళ్లోనే 1944లో అన్న జాక్‌ను రంపపు యంత్రం పొట్టన పెట్టుకుంది. జానీకప్పుడు పన్నెండేళ్లు. ముందుగదిలో నిలబడి, ఆ పిల్లవాడు పగలంతా చేలో పనిచేసి రాత్రి బ్యాటరీ రేడియోకు చెవి ఆనించేవాడని బాపుకు చెప్పాను. క్యాష్ గొంతులో వినిపించే బరువుకు మూలం నాకు ఆ గదిలో దొరికింది.

ఒక సంగతి దాటవేయలేను. డైస్ కాలనీలో తెల్లవాళ్ల కుటుంబాలకే చోటిచ్చారు. అవే చేలలో అదే పత్తి ఏరిన నల్లజాతి కౌలుదార్లకు ఆ ఇరవై ఎకరాలు అందలేదు. దగ్గర్లోని టైరోంజాలో అదే 1934లో పదకొండుమంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు కలిసి కౌలు రైతుల సంఘం పెట్టారు. ఆ రోజుల్లో, ఆ ప్రాంతంలో రెండు జాతులవాళ్లు ఒకే గదిలో కూర్చుని సంఘం కట్టడమంటే ప్రాణాలకు తెగించడమే. టైరోంజాలో ఆ సంఘం మీద ఉన్న మ్యూజియం చూసే వ్యవధి లేకపోయింది. బాపు మాత్రం ఆ సంఘం గురించి దారంతా అడిగాడు. భూస్వాములు ఏంచేసిన్రు, కేసులు పెట్టిన్రా, పంటలో పాలెంత? క్యాష్ పాటల కంటే ఆయనకు ఇదే ముఖ్యంగా తోచింది. నాకూ, నిజానికి, ఈ రెండూ వేరువేరుగా కనిపించవు.

మెంఫిస్ దగ్గర మిసిసిపీ నది దాటి మళ్లీ ఐ-40 ఎక్కాం. మెంఫిస్ నుంచి నాష్‌విల్ దాకా ఈ రోడ్డుకు టెన్నెస్సీ వాళ్లు మ్యూజిక్ హైవే అని పేరు పెట్టారు. నాలుగు గంటలు దాటుతుండగా, జాక్సన్ దాటి చాలా దూరం వచ్చాక, ముందు పోతున్న లారీ చక్రాల కింద నుంచి రోడ్డు మీద పడున్న రబ్బరు ముక్క ఎగిరి మా మీదికి వచ్చింది. తప్పించే వీలు లేదు. వెనక కుడి టైరు పక్క భాగం చీలిపోయింది.

రోడ్డంచున ఆపి చూస్తే టైరు మొత్తం పోయింది. స్టెప్నీ ఉంది గానీ ఒక నట్టు బిగుసుకుపోయి కదలడం లేదు. లారీ పోయిన ప్రతిసారీ కారు ఊగుతోంది. సహాయానికి ఫోను చేస్తే రెండు గంటలు పడుతుందన్నారు. కచేరీ ఏడు గంటలకు. లెక్కవేసుకుంటే ఏడుపొచ్చింది.

పాత పికప్ ఒకటి మమ్మల్ని దాటిపోయి, రోడ్డు అంచునే వెనక్కి వచ్చి ఆగింది. ముసలాయన, పదిహేనేళ్ల మనవడు. దగ్గర్లోనే సోయా పండిస్తారట. బండిలోంచి మూడడుగుల ఇనప గొట్టం తీసి పానాకు తొడిగాడు. బాపు ట్రాక్టరు టైర్లు విప్పిన మనిషి. చూస్తూనే గొట్టం రెండో చివర పట్టుకున్నాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆయన తల ఊపితే బాపు బరువు మోపుతున్నాడు, బాపు చెయ్యెత్తితే ఆయన ఆగుతున్నాడు. మూడోసారికి నట్టు కీచుమని కదిలింది. మనవడు జాకీ తిప్పాడు. పని అయ్యాక డబ్బు తీసుకోమంటే ముసలాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. సకినాల డబ్బా ఇస్తే మాత్రం తీసుకుని అక్కడే ఒకటి కొరికాడు.

ఎక్కడికి తొందర అన్నాడు. చెప్పాను. ఈ స్టెప్నీ మీద 50 మైళ్ల వేగం దాటకూడదు, మొదలయ్యేలోపు చేరలేను అన్నాను.

"650 పెట్టుకోమ్మా," అన్నాడు. "మా అమ్మానాన్నలు బతికినన్నాళ్లూ శనివారం ఆప్రీ వదల్లేదు. నాష్‌విల్ మాత్రం ఒక్కసారీ పోలేదు."

కుడి పక్క వరసలో, దీపాలు మిణుకుమనిపించుకుంటూ, అందరూ మమ్మల్ని దాటిపోతుంటే బయలుదేరాం. టెన్నెస్సీ నది దాటాక 143వ ఎగ్జిట్ దగ్గర హరికేన్ మిల్స్‌కు దారి చూపే బోర్డు వచ్చింది. గాయని లొరెట్టా లిన్ ఊరు. ఆగే వీలు లేదు గానీ ఆమె కథ బాపుకు చెప్పకుండా ఉండలేకపోయాను. కెంటకీ కొండల్లో బొగ్గు గని కార్మికుడి బిడ్డ. పదిహేనేళ్లకు పెళ్లి, చిన్న వయసులోనే పిల్లలు. 1960లో మొదటి రికార్డు వచ్చింది. దాన్ని అమ్మిపెట్టే పెద్ద కంపెనీ లేదు. భార్యాభర్తలు కారులో రికార్డులు వేసుకుని, కారులోనే పడుకుంటూ, రేడియో స్టేషన్లు ఒక్కొక్కటీ తిరిగి, మా పాట వెయ్యండని అడుగుతూ దేశం అడ్డంగా దాటారు. అదే ఏడు అక్టోబరులో ఆప్రీ వేదిక మీద పాడింది. 2022లో హరికేన్ మిల్స్‌లోనే తన ఇంట్లో కన్నుమూసింది. బాపు బొగ్గు గని అనగానే బెల్లంపల్లిలో సింగరేణి పని చేసిన మా మేనమామను తలుచుకున్నాడు. "ఆయన గూడ పాడేటోడు, డ్యూటీ దిగి వచ్చినంక," అన్నాడు. ఆ సంగతి నాకు ఇంతకాలం తెలియదు.

ఏడయ్యేసరికి చీకటి చిక్కబడింది. నాష్‌విల్ ఇంకా ముందే ఉంది. 650 తిప్పాను. కొంచెం గరగర, ఆ వెనక చప్పట్లు, ఆ తర్వాత అనౌన్సరు గొంతు. కచేరీ మొదలైంది. మొదటి పాట, రెండో పాట. నడుమ అనౌన్సరు సరుకుల ప్రకటనలు చదువుతున్నాడు. ఏమంటున్నాడని బాపు అడిగితే, ప్రకటనలని చెప్పాను. 1948లో ఒక గోధుమపిండి కంపెనీ ఈ కార్యక్రమానికి డబ్బివ్వడం మొదలుపెట్టిందని కూడా చెప్పాను. "పిండి కొన్నోళ్లే పాట నిలబెట్టిన్రన్నట్టు," అన్నాడు మెచ్చుకుంటూ.

అప్పుడు ఎవరో మౌతార్గాన్ అందుకున్నారు. రైలు దూరం నుంచి వచ్చి, దగ్గరై, కూత వేసి పోయినట్టు. నాకు డిఫోర్డ్ బెయిలీ గుర్తొచ్చాడు. ఆప్రీ తొలి నాళ్లలో జనం అందరికంటే ఎక్కువ ఎదురుచూసినవాళ్లలో ఒకడు, చిన్నప్పుడు పోలియో వచ్చిన నల్లజాతి మనిషి, మౌతార్గాన్ మీద రైలును పరుగెత్తించేవాడు. 1941లో ఆయన్ను తీసేశారు. ఆ తర్వాత అదే ఊళ్లో బూట్లు పాలిష్ చేసే దుకాణం నడుపుకుని బతికాడు. 1982లో పోయాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకు చోటిచ్చింది 2005లో. ఇంత ప్రేమగా వినే సంగీతానికి ఈ అన్యాయం మచ్చగానే ఉంటుంది. ప్రేమించేవాళ్లం దాన్ని చెప్తూనే ఉండాలి.

చీకట్లో నెమ్మదిగా పోతూ, రెండు పక్కలా పల్లెల దీపాలు చూస్తూ విన్న ఆ ముప్పావు గంట, టికెట్ కొన్న సీట్లో కూర్చున్న దానికంటే నాకు ఎక్కువ. స్లెడ్జ్‌లో చార్లీ ప్రైడ్ తండ్రి విన్నది ఇలాగే. డైస్‌లో ఆ పిల్లవాడు విన్నదీ ఇలాగే. రాలేనివాళ్ల కోసమే పుట్టిన కచేరీని, రాలేనివాళ్లు విన్నట్టే విన్నాం.

హాల్లో అడుగుపెట్టేసరికి సగం కార్యక్రమం అయిపోయింది. ఆప్రీ 1974 దాకా ఊరి నడిబొడ్డున రైమన్ ఆడిటోరియంలో జరిగేది. 1892లో ప్రార్థనా మందిరంగా కట్టిన భవనం అది. అక్కడి నుంచి ఈ కొత్త హాలుకు వచ్చేటప్పుడు పాత వేదిక చెక్కలోంచి గుండ్రంగా ఒక ముక్క కోసి తెచ్చి కొత్త వేదిక మధ్యలో పొదిగారు. ఆరడుగుల వెడల్పు. 2010 మే నెలలో కంబర్లాండ్ నది పొంగి వేదిక మీద నిలువెత్తులో సగానికి పైగా నీళ్లు నిలిచినా ఆ చెక్కను కాపాడుకున్నారు. పాడేవాళ్లు ఇప్పటికీ దాని మీదే నిలబడతారు. వెనక ఎర్రటి పశువుల కొట్టం బొమ్మ, కూర్చోవడానికి చర్చి బెంచీలు.

డెబ్బై దాటిన ఫిడేలు వాద్యగాడు ఒకాయన ఆ చెక్క మీదికి వచ్చాడు. మాటల్లేని పాట, తీగను లాగుతూ, ఆపుతూ. బాపు ముందుకు వంగాడు. ఆయన చెయ్యి నా మోచేతి మీద పడింది.

"కిక్రి లెక్కనే ఉన్నది."

కిక్రి మా జిల్లాలో గోండుల వంశగాథలు పాడే ప్రధాన్లు, తోటీలు కమానుతో వాయించే మూడు తీగల వాద్యం. పంట ఇంటికొచ్చాక ప్రధాన్ ఊళ్లోకి వచ్చేవాడనీ, గోండుల వాకిట్లో రాత్రంతా కథ పాడేవాడనీ, తాను పశువుల కాడ నుంచి వచ్చి దూరంగా కూర్చుని వినేవాడిననీ బాపు నా చెవిలో చెప్పడం మొదలుపెట్టాడు. గింజలు కొలిచి పంపేవారట. ఆ భాష సగమే అర్థమయ్యేదట, అయినా లేచి పోబుద్ధయ్యేది కాదట. ముందు బెంచీలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసి, ఆయన ముఖం చూసి, నవ్వి మళ్లీ ముందుకు తిరిగింది. వేదిక మీద చదరంగా నిలబడి నాట్యమాడేవాళ్లు వచ్చి బూట్లతో చెక్క దద్దరిల్లేలా తాళం వేశారు. బాపు మోకాలి మీద అదే తాళం వేస్తున్నాడు.

బయట కార్ల మధ్య నడుస్తూ, కిక్రి వాయించేవాళ్లు ఇప్పుడు ఎంతమంది మిగిలారని అడిగాను. కొద్దిమందే అన్నాడు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మాత్రం వస్తారన్నాడు. పుష్య అమావాస్యకు. ఆ రోజుల్లో నీకు సెలవు దొరుకుతదా అని అడిగాడు. హోటల్ చేరేలోపే ఫోనులో తేదీ వెతికాం. పొద్దున టైరు దుకాణంలో కూర్చున్నప్పుడు హైదరాబాద్‌కు విమానం టికెట్ల ధరలు చూడడం మొదలుపెట్టాను. బాపు కాకకు ఫోను చేసి తేమ ఎంత ఉందో అడుగుతున్నాడు.